జావా పల్లెటూర్లో అమ్మతో ఏడు రాత్రులు – బంతుల్ హోమ్‌స్టే గురించి నా రివ్యూ

అమ్మ జకార్తా వచ్చి ఇరవై రోజులైంది, మా ఫ్లాటేమో పంతొమ్మిదో అంతస్తు, లిఫ్ట్‌కి కార్డు, గేటుకి కార్డు, చెత్త పడేసి రావాలన్నా కార్డు, "ఇంతమంది సెక్యూరిటీని పెట్టుకుని పక్కింట్లో ఎవరుంటారో తెలీదంటావేంట్రా" అని రోజూ అదే మాట. మాది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు, పొద్దున్నే లేవగానే వరిచేను కంటపడకపోతే అమ్మకి ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటది. అందుకే పాపకి జూన్ నెలాఖర్లో స్కూలు సెలవలివ్వగానే యోగ్యకర్త పక్కన బంతుల్ జిల్లాలో, ఇమొగిరి వెళ్ళే దారిలో ఒక పల్లెటూర్లో హోమ్‌స్టే బుక్ చేశా. అమ్మ, మా ఆవిడ, పాప, నేను, ఏడు రాత్రులు. హోమ్‌స్టే పేరు ఇక్కడ రాయట్లేదు, అది వాళ్ళు కాపురముండే ఇల్లు, పైగా నేను కొన్ని కంప్లైంట్లు కూడా చెప్పబోతున్నా. మన తెలుగువాళ్ళు బాలి వెళ్ళి బీచ్‌లో ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు, జావాలో రైతుల ఇంట్లో ఉంటే ఎలా ఉంటది, సేఫేనా, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా అని అడిగితే చెప్పేవాళ్ళు నాకు ఎవరూ దొరకలేదు, అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

జకార్తా గంబీర్ స్టేషన్లో రైలెక్కితే ఆరేడు గంటల్లో యోగ్యకర్త. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి కొత్త ఎయిర్‌పోర్టు కులోన్ ప్రోగో వైపు, సిటీకి దూరమే, కానీ అక్కణ్ణుంచి లోపలికి రైలుంది, నలభై నిమిషాలు. సిటీ నుంచి ఈ ఊరికి కార్లో ముప్పావు గంట పట్టింది మాకు. రూముకి రాత్రికి 250000 రుపియా, అంటే మన 1300 చిల్లర, రెండు రూములు తీసుకున్నాం. బుకింగ్ పేజీలో రెండు పూటలా భోజనం అని రాసుంది, తీరా వెళ్తే టిఫిన్ ఒక్కటే, రాత్రి భోజనానికి మనిషికి 25000 వేరే అన్నారు. పెద్ద డబ్బేం కాదు గానీ రాసిందొకటి చెప్పిందొకటి అయితే మనసుకి పట్టదు కదా. ఇంటావిడకి ఫోన్లో ఆ పేజీ చూపిస్తే ఆవిడే నోరెళ్ళబెట్టింది, అది టౌన్లో ఉండే కుర్రాడెవరో పెట్టిచ్చాడంట, వీళ్ళు ఒక్కసారి కూడా చూసుకోలేదంట. మీరు వెళ్తే భోజనం సంగతి ముందే మెసేజ్ పెట్టి ఖాయం చేసుకోండి.

కారు దిగి బ్యాగులు లోపల పెట్టామో లేదో ఇంటావిడ మా పాస్‌పోర్టులు అడిగి, నన్ను వెంటబెట్టుకుని నాలుగిళ్ళవతల ఇంకో ఇంటికి తీసుకెళ్ళింది. వీధి మొదట్లో చిన్న బోర్డు ఉంటది, "తాము 1×24 జామ్ వాజిబ్ లాపోర్" అని, అంటే బయటి మనిషి ఎవరైనా ఒక రోజుకి మించి ఉంటే చెప్పి తీరాలి. జకార్తాలో ఇన్నేళ్ళుగా ఈ బోర్డు చూస్తూనే ఉన్నా గానీ నిజంగా దాని ప్రకారం నడుచుకోవటం ఇక్కడే చూశా. ఎవరికి చెప్పాలంటే పాక్ ఆర్టీకి. ఆర్టీ అంటే కొన్ని పదుల ఇళ్ళ గుంపు, దానికో పెద్ద, ఆయన్నే పాక్ ఆర్టీ అంటారు, జీతగాడు కాదు, ఇరుగుపొరుగు వాళ్ళే ఎన్నుకున్న మనిషి. జపాన్ వాళ్ళు ఇక్కడ పెత్తనం చేసినప్పుడు 1944లో పెట్టిన పద్ధతంట, వాళ్ళు పోయారు గానీ పద్ధతి ఉండిపోయింది. ఈయన పగలు తాపీపని చేస్తాడు. గుమ్మం బయటే నిలబడి ఇంటావిడ "కులొ నువున్" అని పిలిచింది, అలా పిలవకుండా ఎవరి వాకిట్లోకీ అడుగు పెట్టకూడదు, మన వైపు "ఏమండీ, ఎవరన్నా ఉన్నారా" అన్నట్టు. ఆయన నోట్‌బుక్‌లో మా నలుగురి పేర్లు రాసుకుని, పాస్‌పోర్ట్ జిరాక్సులు తీసుకుని, "మీ అమ్మగారికి బీపీ షుగర్ ఏమన్నా ఉన్నాయా, రాత్రిపూట అవసరమైతే కారున్న ఇల్లు ఆ మూలది" అని చెప్పాడు. నేను ఆశ్చర్యపోయా. అమ్మకి వచ్చి చెప్తే "మరి అడగరా ఏంటి" అంది, ఆవిడకి అందులో వింతేం కనపడలా.

ఇక ఇల్లు. ముందు వరండా పెద్దది, పాత టేకు స్తంభాలు, వెనకాల కొత్తగా కట్టిన ఇటుక గదులు, మాకిచ్చింది ఆ గదులే. శుభ్రంగా ఉన్నాయి, దోమతెర ఉంది, జూన్ జూలైలో ఇక్కడ తెల్లవారుజామున చలి బాగానే ఉంటది, బెదిదింగ్ అంటారు, రగ్గులు పలచగా ఉన్నాయి, అమ్మకి రెండు కప్పాల్సి వచ్చింది. బాత్రూము బయట, కమోడ్ లేదు, నేల మీద కూర్చునేదే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చూసుకుని రండి. మా రూము గడియ ఊగుతా ఉంది, లోపల బీరువాకి తాళం లేదు. నాకు మొదటి రాత్రి నిద్ర పట్టలా, పాస్‌పోర్టులు, ల్యాప్‌టాప్, అమ్మ గాజులు అన్నీ దిండు కింద పెట్టుకుని పడుకున్నా. గడియ బాగు చెయ్యమని మూడుసార్లు చెప్పా, నాలుగో రోజుకి గానీ అవ్వలేదు. డబ్బు తీసుకుని రూమిచ్చేవాళ్ళు గడియ సరిగ్గా పెట్టాలి, ఊరెంత మంచిదైనా ఇందులో నేను సర్దుకుపోను. ఆడపిల్లలు ఒంటరిగా వస్తే ముందు అదే చూస్తారు కదా.

ఇంట్లో ఒక ముసలావిడ ఉంది, ఇంటాయన తల్లి, అందరూ ఎంబా అంటారు, అంటే మామ్మ అని. అమ్మకి జావనీస్ రాదు, ఎంబాకి తెలుగు రాదు, ఇద్దరూ పొద్దున ఏడింటికల్లా వరండాలో చేరి చేటలో బియ్యం చెరుగుతా కూర్చునేవాళ్ళు, ఇక్కడ చేట గుండ్రంగా ఉంటది, అమ్మకి మొదటిరోజు చెయ్యి తిరగలేదు, మూడో రోజుకి ఎంబా కంటే బాగా చెరుగుతోంది. ఒకరోజు ఎంబా లేచి మా గది మూలనున్న కాంక్రీటు స్తంభం దగ్గరికి వెళ్ళి, స్తంభమూ పైన దూలమూ కలిసే చోటుని అరచేత్తో కొట్టి చూపించింది. ఏంటని నేను ఇండోనేషియన్లో అడిగితే ఇంటాయన చెప్పాడు.

2006 మే 27, శనివారం, పొద్దున ఆరు కావటానికి ఐదారు నిమిషాలుందనగా భూకంపం. ఒక్క నిమిషం లోపే అయిపోయింది. మొత్తం 5700 మందికి పైగా పోయారు, లక్షన్నర ఇళ్ళకి పైగా పూర్తిగా కూలిపోయాయి, అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఈ బంతుల్ జిల్లానే. అప్పట్లో ఇటుక గోడలు కట్టేవాళ్ళు గానీ మధ్యలో పిల్లర్లు ఉండేవి కావు, పైన చుట్టూ బీము ఉండేది కాదు, గోడ ఒక పక్కకి ఒరగగానే బరువైన పెంకులన్నీ మనుషుల మీద పడ్డాయి. ఈ ఇంట్లో ముందు వరండా టేకు స్తంభాల మీద ఊగి నిలబడింది, వెనక ఇటుక వంటిల్లు నేలమట్టం. ఎంబా అప్పటికి కోళ్ళకి నూకలు వెయ్యటానికి బయటికొచ్చింది. పొయ్యి దగ్గర వాళ్ళ అక్క ఉంది. అంతే చెప్పాడు, ఇంకేం చెప్పలా. ఆ రోజే ఎవడో సునామీ వస్తోందని పుకారు లేపితే ఊళ్ళకి ఊళ్ళు ఉత్తరానికి పరుగెత్తాయంట, తర్వాత కూలిన ఇళ్ళ దగ్గర దొంగలు పడకుండా మగాళ్ళు రాత్రుళ్ళు శిథిలాల మధ్యే కాపలా పడుకున్నారంట. ఇళ్ళు కట్టుకోవటానికి ప్రభుత్వం డబ్బు మనిషి చేతికివ్వకుండా ఇరుగుపొరుగు ఇళ్ళని గ్రూపులు చేసి వాటికిచ్చింది, పొక్మాస్ అంటారు, ఎవరి ఇల్లు ముందు, ఇనుము ఎంత, బీము కట్టారా లేదా అన్నది వాళ్ళే చూసుకున్నారు. ఎంబా కొట్టి చూపించిన చోటు అదే, ఇనుప చువ్వలు ఒకదాన్లోకి ఒకటి వంచి కట్టిన జాయింటు.

నేను ఇదంతా తెలుగులో చెప్పటం అయ్యేసరికి అమ్మ లేచి నిలబడింది. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. అమ్మకి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఎంబా దగ్గరికెళ్ళి తన గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి, నీళ్ళు ఇక్కడిదాకా అని చూపించింది, తర్వాత చెయ్యి నడుము దగ్గర పెట్టి అంత ఎత్తు పిల్లాణ్ణి చూపించింది, తర్వాత చెయ్యి తిప్పేసింది, పోయాడని. మా చిన్నమామయ్య. ఆయన గురించి అమ్మ మాకే ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఎంబా ఏం మాట్లాడలా, అమ్మ చెయ్యి పట్టుకుని చేట దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి అమ్మ గడియ గురించి ఒక్కసారి కూడా అడగలేదు, ఇంటికెళ్దామనీ అనలేదు.

ఇప్పుడు రాత్రి కాపలా గురించి, నిజానికి ఈ రివ్యూ రాయటానికి అసలు కారణం ఇదే. ఈ ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మం పక్కన మేకుకి ఒక చిన్న డబ్బా వేలాడుతుంటది, ఒకళ్ళది వెదురుబొంగు ముక్క, ఒకళ్ళది పాల డబ్బా, మా హోమ్‌స్టేది వాటర్ గ్లాసుకి తీగ కట్టింది. దీపాలు పెట్టే వేళకి ఇంటివాళ్ళు అందులో 500 రుపియా బిళ్ళ వేస్తారు. పూర్వం చిటికెడు బియ్యం వేసేవాళ్ళంట, అందుకే దాని పేరు జింపితాన్, చిటికెడు అని. మూడో రాత్రి ఇంటాయన వంతు వస్తే నేనూ వెంట వెళ్ళా. వీధి మలుపులో గార్దు ఉంది, పొలంలో మంచె లాంటి చిన్న కాపలా పాక, గోడకి బోర్డు, ఏ రోజు ఎవరెవరి వంతో పేర్లతో సహా. రాకపోతే జరిమానా. పదింటికి ఆరుగురం చేరాం, థర్మాస్‌లో టీ, పళ్ళెంలో వేయించిన తెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), దాంతోపాటు గాప్లె అని డొమినో ఆట. పదకొండు దాటాక ఇద్దరు టార్చి, గుడ్డసంచి పట్టుకుని బయలుదేరారు, నేనూ వాళ్ళతో నడిచా. డబ్బా వంచటం, బిళ్ళ టంగుమని సంచిలో పడటం, ఇంకొకాయన నోట్‌బుక్‌లో ఆ ఇంటి ఎదురుగా గీత పెట్టటం, అంతే, ఇంకో ఇల్లు. నేనేమనుకున్నానంటే ఇది చందా వసూలు అని. సగం ఊరు తిరిగాక అర్థమైంది, ఆ ఐదొందల బిళ్ళ కోసం వీళ్ళు ప్రతి రాత్రీ ప్రతి గుమ్మం దాకా వెళ్ళాల్సొస్తుంది, తలుపు తీసి ఉందా, గ్యాస్ వాసన వస్తోందా, అన్నీ వాళ్ళ కంట పడతాయి. ఒకింట్లో డబ్బా ఖాళీగా ఉంది, లోపల లైటు లేదు. ఒంటరిగా ఉండే పెద్దాయన ఇల్లంట. తలుపు కొట్టారు, పలికాడు, జ్వరం. పొద్దున్నకల్లా పక్కింటావిడ గంజి తీసుకెళ్ళటం నేనే చూశా. ఆ చిల్లర పోగేసి వీధిలైట్లు, ఎవరన్నా ఆస్పత్రిలో ఉంటే పలకరింపు ఖర్చు, పెళ్ళిళ్ళకీ చావులకీ కుర్చీలు టెంట్లు కొంటారు.

గార్దులో దుంగ తొలిచి చేసిన కెంతోంగాన్ వేలాడుతుంటది, కర్రతో కొడితే ఊరంతా వినపడుతది. దాని పక్కనే కోడ్ రాసి ఉంటది, ఇది నాకు భలే నచ్చింది, ఒక్కొక్క దెబ్బ ఆగి ఆగి కొడితే హత్య, రెండేసి అయితే దొంగలు, మూడేసి నిప్పు, నాలుగేసి ప్రకృతి విపత్తు, ఐదేసి దెబ్బలంటే పశువుల దొంగతనం. పశువులకి విడిగా ఒక కోడ్ ఉందంటేనే తెలుస్తుంది ఇక్కడ రైతుకి ఆవు అంటే ఏంటో. అంతా క్షేమం అని చెప్పటానికి ఇంకో వరస ఉంది, నెమ్మదిగా మొదలై వేగంగా వెళ్ళి మళ్ళీ తగ్గుతది, దోరో ములుక్ అంటారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూప్ కూడా ఉంది గానీ నిద్రలో ఉన్నవాణ్ణి వాట్సాప్ లేపదు కదా అన్నాడు ఒకాయన.

ఐదో రోజు పొద్దున నేను అద్దెకి తీసుకున్న స్కూటర్ కనపడలేదు. ముందురోజు రాత్రి పాపకి కడుపునొప్పి అని హడావుడిలో మందులు తెచ్చి గేటు బయటే పెట్టేసి తాళంచెవి దానికే వదిలేశా. గుండె జారిపోయింది, అద్దె షాపువాడికి ఏం చెప్పాలి, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలా అని చెమటలు పట్టాయి. ఇంటాయన కంగారే పడలా, గార్దు దగ్గర చూడు అన్నాడు. అక్కడే ఉంది, వర్షం పడకుండా చూరు కిందకి తోసి, ముందు చక్రానికి గొలుసు కట్టి. తాళంచెవి జింపితాన్ సంచిలో చిల్లరతో పాటు ఉందంట, పాక్ ఆర్టీ ఇంట్లో. తీసుకోవటానికి వెళ్తే ఆయన ఒక్కమాట కూడా అనలేదు, పాపకి కడుపునొప్పి తగ్గిందా అని అడిగాడు. మందుల షాపుకి ఎందుకెళ్ళానో ఆయనకెలా తెలుసు? తెలుసంతే. ఇంటి ముందు "సేఫ్ పార్కింగ్" అని బుకింగ్ పేజీలో రాశారే, అక్కడ గేటు లోపల ఒక బండికే చోటుంది, అదీ వాళ్ళ బండికే, కాబట్టి ఆ మాట తప్పు, అది సరిచెయ్యాలి.

పశువుల దొంగతనం అన్నా కదా, అమ్మకి గొడ్లని చూడాలని ఉంటే ఊరి చివర కందాంగ్ కెలొంపొక్‌కి తీసుకెళ్ళారు. ఇళ్ళ దగ్గర ఎవరూ ఆవుల్ని కట్టుకోరు, ఇరవై ముప్పై ఇళ్ళ పశువులన్నీ ఒకే పెద్ద షెడ్డులో, ఎవరి అర వాళ్ళది, ఎవరి మేత వాళ్ళు మోసుకొస్తారు, రాత్రి కాపలా వంతులవారీ. ఊళ్ళో కంపు ఉండదు, పేడ ఒకచోట పడుతది, ముఖ్యంగా దొంగల భయం తగ్గింది అని చెప్పారు. మేమెళ్ళింది బక్రీదు అయిపోయాక, అందుకని షెడ్డు సగం ఖాళీ, ఏడాదంతా మేపి కుర్బానీకి అమ్ముతారు, పిల్లల కాలేజీ ఫీజు కూడా ఆవు మీదే. అమ్మ మాత్రం ఒక గొడ్డు దగ్గర ఆగి "రాత్రి గొడ్డు ఇంటి దగ్గర లేకపోతే నాకు నిద్ర పట్టదురా" అంది. ఎవరి అలవాటు వాళ్ళది.

ఇంటాయన సొంత పొలం 1200 చదరపు మీటర్లు, మన లెక్కలో 30 సెంట్లు. ఇంకొకరి పొలం కూడా సమపాలుకి చేస్తాడు, మారొ అంటారు, పంటలో సగం. వాళ్ళ నాన్నకి ఉన్నది అన్నదమ్ములకి పంచగా పంచగా ఇంతైంది, దివిసీమలో అయినా ఇదే కథ. అయితే నేను కాగితాల గురించి గుచ్చి గుచ్చి అడిగా, మనకి పాస్‌పుస్తకం బాధలు తెలుసు కాబట్టి. మొన్నమొన్నటిదాకా ఈయన దగ్గరున్న ఆధారం ఊరి ఆఫీసులో లెటర్ సె అనే రిజిస్టర్లో తాతగారి పేరు, అంతే. 2017 నుంచి పీటీఎస్ఎల్ అని ఊరు మొత్తం ఒకేసారి కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే స్కీం నడుస్తోంది, జావాలో రైతు దగ్గర 150000 రుపియా కంటే ఎక్కువ తీసుకోకూడదని రూలు. ఆకుపచ్చ అట్ట ఉన్న ఆ సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, బట్టల మధ్యలోంచి తీసి చూపించాడు, వేలితో ముట్టుకోనివ్వలేదు, తనే పేజీలు తిప్పాడు. గట్టు మీద హద్దు రాయి పాతేటప్పుడు పక్క పొలంవాడూ ఈయనా ఇద్దరూ నిలబడి ఒప్పుకోవాలంట. అప్పుడొక సామెత చెప్పాడు, "సదుముక్ బఠుక్, సన్యారి బుమి", నుదుటి మీద వేలు పెట్టినా, నేల మీద వేలెడంత జరిపినా ప్రాణం పెట్టైనా ఎదుర్కొంటారని. అమ్మ వెంటనే "గట్టు తగాదాల్లో మీ తాతయ్య కూడా అంతే" అంది.

ఇంకో విషయం, పనికొస్తది. విదేశీయులు ఇక్కడ పొలం గానీ ఇల్లు గానీ పూర్తి హక్కుతో కొనలేరు, 1960 భూమి చట్టం ప్రకారం హక్ మిలిక్ ఇండోనేషియా పౌరులకే. ఎవరో లోకల్ మనిషి పేరు మీద కొందాం అని చెప్పే బ్రోకర్లుంటారు, ఆ జోలికి వెళ్ళకండి, రేపు ఆ మనిషి కాదంటే మీ చేతిలో ఏమీ ఉండదు. వాళ్ళ సొంత పౌరులకి కూడా 1961 నుంచి ఒక రూలుంది, సాగుభూమి యజమాని ఆ మండలంలోనో పక్క మండలంలోనో కాపురముండాలి. అమలు అంతంతమాత్రమే అని ఇంటాయనే అన్నాడు గానీ, విన్నప్పుడు నాకు కొంచెంసేపు మాట రాలేదు. మా రెండెకరాలు కౌలుకిచ్చి నేను జకార్తాలో కూర్చున్నా కదా.

ఊరి ఉద్యోగుల పేర్లు వింటే మాత్రం మనవాళ్ళకి సరదాగా ఉంటది. కాపలా, శాంతిభద్రతలు చూసే ఆయన్ని జాగబయ అంటారు, జాగారంలో జాగ, భయంలో భయ, రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే, ఇక్కడ బయ అంటే ఆపద. నీళ్ళు చూసే ఆయన ఉలు-ఉలు, మన కాలవ లస్కరు లాగా. వీళ్ళకి జీతం కింద ఊరి పొలం ఇస్తారు, యోగ్యకర్తలో పెలుంగుహ్ అంటారు, అచ్చం మన తలారి మాన్యం. మన దగ్గర కరణం మునసబు వ్యవస్థని 1984లో ఎన్టీఆర్ రద్దు చేసేశారు, ఇక్కడ ఆ పొలాలు ఇంకా నడుస్తున్నాయి.

మంచే చెప్తే రివ్యూ కాదు. ఊరంతా ఇలా ఒక్కటిగా ఉంటే దానికి ఇంకో ముఖం కూడా ఉంటది. దొంగ దొరికితే పోలీసులొచ్చేలోపు గుంపు చేతిలో దెబ్బలు తినటం ఇండోనేషియాలో మామూలే, ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో. ఇదే జావాలో తూర్పు కొసన బాన్యువాంగిలో 1998లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో వంద మందికి పైగా చంపేశారు, ప్రతి ఊళ్ళో కాపలాలు, కొత్త మనిషి కనపడితే నిలదీయటాలు. చేతబడి పేరుతో ముసలివాళ్ళని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణలో ఆంధ్రాలో చదివినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గార్దులో నాతో టీ తాగిన ఐదుగురూ మంచివాళ్ళే, నేను అడిగితే "దొంగని కొట్టనివ్వం, తాడేసి పాక్ ఆర్టీ ఇంటికి తీసుకెళ్తాం" అన్నారు, ఒకాయన మాత్రం నేల చూపు చూశాడు. ఆ చూపు నాకు గుర్తుండిపోయింది.

రాత్రిపూట బయట తిరగటం గురించి కూడా. యోగ్యకర్త వైపు క్లితిహ్ అని ఒక గొడవుంది, టీనేజి కుర్రాళ్ళు గుంపుగా బైకుల మీద తిరుగుతూ ముక్కూమొహం తెలియని వాళ్ళ మీద కత్తులతో పడతారు. ఊళ్ళో కాదు, సిటీ రోడ్ల మీద, అర్ధరాత్రి దాటాక. సిటీకి వెళ్తే పదింటికల్లా తిరిగొచ్చేయండి, ఆ తర్వాత ఈ ఊరికి గోజెక్ (యాప్‌లో పిలిచే బైకు, కారు) కూడా దొరకదు. చీకటి పడ్డాక పొలం గట్ల మీద నడవొద్దు అని ఇంటావిడ పాపకి పదిసార్లు చెప్పింది, పాముల భయం ఒకటి, ఎలకలకి కరెంటు తీగ పెట్టేవాళ్ళ భయం ఇంకొకటి. ఈ ఊళ్ళో తీగ పెట్టకూడదని కట్టుబాటు, గుడ్లగూబలకి గూళ్ళు పెట్టుకున్నారు, పొలం మధ్యలో కర్ర మీద పావురాల గూడు లాంటిది. కానీ స్రాగెన్, న్గావి వైపు ఆ తీగలకి తగిలి రైతులే చాలామంది చనిపోయారు. మన దగ్గర అడవి పందులకి పెట్టిన తీగలకి పోతున్నట్టే.

మా ఆవిడకి ఒక్కటే ఇబ్బంది, ఏ పని చేసినా ఊరికి తెలిసిపోవటం. మధ్యాహ్నం తలనొప్పని పడుకుంటే సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్ళు నూనె సీసా పట్టుకుని వచ్చారు. ప్రైవసీ కావాలనుకునే జంటలకి ఇది కుదరదు, హోటల్ తీసుకోండి.

తిండి సంగతి. టిఫిన్‌కి రోజూ అన్నమే, కొబ్బరిపాల కూర, తెంపె, వేడివేడి. శాకాహారులు సంబల్, అంటే ఇక్కడి మిరప పచ్చడి, అడిగి తినండి, అందులో తెరాసి అని రొయ్యల ముద్ద కలుపుతారు, లేకుండా చెయ్యమంటే చేస్తారు. ఇక్కడి స్పెషల్ పెచెల్ కెంబాంగ్ తురి, అవిసె పూలు ఉడకబెట్టి వేరుశనగ పచ్చడితో, అమ్మ ఆ పూలు చూసి ఎంత సంబరపడిందో, మా చేల గట్ల మీద అవిసె చెట్లుంటాయి గానీ పూలు ఇలా తినొచ్చని ఎప్పుడూ అనుకోలేదంట. మాంసం తినేవాళ్ళు రోడ్డు మీద సాతె క్లతక్ తినండి, సైకిల్ చువ్వలకి గుచ్చి కాలుస్తారు, ఉప్పు తప్ప పెద్ద మసాలా ఉండదు. రాత్రి చలికి వెదాంగ్ ఊవుహ్, అల్లం, లవంగాకు, ఎర్రగా రంగు దిగే సెచాంగ్ చెక్క, పటికబెల్లం. ఇవన్నీ ఇంటావిడ చేత్తోనే బాగున్నాయి.

నా లెక్కలో ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది గడియకి, బుకింగ్ పేజీలో రాసిన అబద్ధాలకి. పాస్‌పోర్టు జిరాక్సులు నాలుగు సెట్లు పెట్టుకోండి, మంచి రగ్గొకటి తెచ్చుకోండి, రంజాన్ పండగ వారం మాత్రం వద్దు, ఇంటికి చుట్టాలొస్తారు, రైలు టికెట్లూ దొరకవు. 500 బిళ్ళలు కొన్ని దగ్గర పెట్టుకోండి. డబ్బాలో అతిథులు వెయ్యక్కర్లేదు అంటారు, కానీ నాలుగో రోజు నుంచి సాయంత్రం ఆరింటికి ఆ బిళ్ళ వేసే పని అమ్మదే అయిపోయింది, ఎంబా ఇంట్లోంచి చూసి తలూపేది. సెప్టెంబర్లో అమ్మ వీసా ఎక్స్‌టెన్షన్ వస్తే మళ్ళీ అక్కడికే వెళ్తున్నాం, ఈసారి పది రోజులు, కోతలప్పుడు.